మారెమ్మ చేతి నీళ్లు

మారెమ్మ షాద్‌నగర్‌లో కాపురం పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె చేతి మీదుగా గ్లాసెడు నీళ్లు తాగిన మనిషి ఒక్కరు లేరు. ఇంటికి ఎవరొచ్చినా చాప వేస్తుంది, అన్నముంటే పెడుతుంది, చాయ్ కూడా ఇస్తుంది. నీళ్లడిగితే మాత్రం మూలకు వేలు చూపిస్తుంది. అక్కడ క్యాన్ ఉంటుంది, దాని మీద గ్లాసు బోర్లించి ఉంటుంది, వంచుకుని తాగాలి. చాయ్‌లో ఉన్నవి నీళ్లు కావా అని మొగుడు భిక్షపతి ఒకసారి ఎగతాళి చేస్తే, పాలు కలిస్తే వేరే లెక్క అంది. అత్త భద్రమ్మ బతికినన్నాళ్లూ "వచ్చినోళ్లకు గిన్ని నీళ్లియ్యరాదు గీమెకు, ఏం కోడల్ని తెచ్చుకున్ననో" అని వాడంతా చెప్పుకుంది. మారెమ్మ ఒక్కనాడూ బదులు చెప్పలేదు. చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. అంతసేపు ఒకచోట కూర్చునే మనిషి కాదామె.

ఆ మొదలు దేవరకొండ అవతలి ఒక పల్లెలో ఉంది. మారెమ్మకు ఎనిమిదేళ్లున్నప్పుడు తమ్ముడు విజేందర్ పుట్టాడు. తల్లి కూలికి పోతూ పిల్లవాణ్ని ఆమె చంకకు ఎక్కించేది. వాడు ఏడిస్తే మారెమ్మకు తెలిసిన మందు ఒకటే. బోరింగు కొట్టి, సిల్వర్ గ్లాసుతో నీళ్లు తాపేది. ఆ నీళ్లు ఆరితే గ్లాసు అంచున తెల్లగా పొరలా కట్టేవి. గోటితో గీకి ఆడుకునేది. వాడికి ఆరేళ్లొచ్చేసరికి మోకాళ్లు లోపలికి వంగాయి, పళ్ల మీద చారలు పడ్డాయి. తరువాత ఎప్పుడో ఊరికి డాక్టర్లు వచ్చి, పిల్లల ఎముకలకు ఫోటోలు తీసి, బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయి, మళ్లీ వచ్చి చెప్పారు: నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఆ నీళ్ల వల్లే ఈ వంకరలు. ఊరంతా విన్నది ఆ మాట. పదహారేళ్ల మారెమ్మకు మాత్రం అది తనొక్కదానికే చెప్పినట్టు వినిపించింది. ఆనాటినుంచి ఆమె గ్లాసు పట్టి ఎవరికీ నీళ్లియ్యలేదు.

షాద్‌నగర్ వచ్చాక కోళ్ల హేచరీలో పని దొరికింది. గుడ్లను పొదిగించే మిషన్ల దగ్గర పని. పంతొమ్మిదేళ్లు చేసింది. హేచరీలో ఆమెకు నచ్చిన సంగతి ఒకటుంది. పుట్టిన కోడిపిల్లలకు అక్కడ నీళ్లు పెట్టరు. గుడ్డు పగిలిన రోజే పెట్టెల్లో సర్ది ఫారాలకు పంపేస్తారు. నీళ్లెవరు తాపుతారో, తరువాత ఏమవుతుందో వాళ్ల తిప్పలు. మారెమ్మ గుడ్డును లైటు మీద పెట్టి చూసిందంటే లోపల ప్రాణం ఉన్నదీ లేనిదీ కళ్లు మూసి తెరిచేలోగా చెప్పేసేది.

కరోనా ఏడాది హేచరీ మూతపడింది. రెండేళ్లు ఖాళీగా పడున్న షెడ్డును ఒక పరిశోధన సంస్థవాళ్లు కిరాయికి తీసుకున్నారు. చల్లగా ఉంచే గదులు ముందే కట్టి ఉన్నాయి కదా, అందుకని. తాళంచెవి మారెమ్మ దగ్గరుంది కాబట్టి షెడ్డుతో పాటు ఆమె కూడా వాళ్లకు దక్కింది.

వాళ్లు తెచ్చినవి న్యూట్లు. డార్జిలింగ్ కొండల్లో, మడుగుల్లో బతికే జీవాలు. తొండంత పొడుగు, తడి చర్మం, వీపుకు రెండు పక్కలా గుండీలు కుట్టినట్టు బొడిపెలు. కప్పకు చుట్టం, బల్లికి కాదు. కానీ ఈ ముక్క షాద్‌నగర్‌లో ఎవరికి చెప్పి ఒప్పిస్తాం? బల్లి మీద పడితే పంచాంగం తీసి చూసే జనం, మారెమ్మ బల్లుల దగ్గర జీతానికి కుదిరిందని నెల రోజులు నవ్వుకున్నారు. ఆ కొండల్లో మడుగులు పూడిపోయి, రోడ్లు పడి, ఈ జాతి తగ్గిపోతోంది. అటవీశాఖ అనుమతి మీద పదకొండింటిని తెచ్చి, ఇక్కడ పిల్లలు పెట్టించి చూద్దామని వాళ్ల ప్రయత్నం. అనుమతి రెండేళ్లకే. మొదటి ఏడు ఒక్క గుడ్డూ పెట్టలేదు. రెండో ఏడు కనీసం ఒక్క పిల్లయినా నీళ్లలోంచి గట్టెక్కి నేల మీద నడవకపోతే, పెద్దవాటిని కొండలకు పంపేసి గది మూసేయాలి.

ఈ పనంతా చూసే అమ్మాయి స్నిగ్ధ. హైదరాబాద్ పిల్ల, ముప్పై ఏళ్లు కూడా లేవు. తిండి మరిచిపోయి పనిచేస్తుంది, ఆ మాట ఎవరైనా గుర్తుచేస్తే కసురుకుంటుంది. మారెమ్మకు ఆమె మీద ప్రేమ, కోపం రెండూ ఉండేవి.

రెండో ఏడు మృగశిర కార్తెకు బయట వాన మొదలైంది. లోపల వాన కురిపించడం మారెమ్మ పని. చిల్లులు పొడిచిన పైపులోంచి గంటకోసారి తొట్టెల మీద జల్లు వదలాలి. చల్లదనం తగ్గకుండా చూడాలి. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. కరెంటు పోకపోయినా పోతుందేమోనని పరుగు. నాలుగో రోజు మగది తోక ఊపుకుంటూ ఆడదాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. "మేడం, గిదేందో బరాత్ల లెక్క ఎగురుతాంది" అని మారెమ్మ కేకేస్తే స్నిగ్ధ చెప్పులు లేకుండా ఉరికి వచ్చింది.

వారం తిరిగేసరికి ఆడవి గుడ్లు పెట్టాయి. ఒక్కొక్కటిగా, నీటిమొక్క ఆకుకు అంటించి. అరవై ఎనిమిది. ఒక్కోటీ సగ్గుబియ్యం ఉడికినట్టు ఉంది, నడుమ నల్ల చుక్క. గాజు పళ్లెంలో వాటిని సర్ది, కిందినుంచి చిన్న లైటు వేసి చూసింది మారెమ్మ. పంతొమ్మిదేళ్ల విద్య ఊరికే పోతుందా! ప్రాణం లేనివి, బూజు పట్టబోయేవి ఏవో ఒకటొకటిగా చూపించింది. స్నిగ్ధ సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ సరిపోయాయి. ఆ రోజునుంచి స్నిగ్ధ ఆమెను మారెమ్మా అనడం మాని అక్కా అంది.

చుక్క చిక్కుడు గింజ ఆకారానికి సాగింది. గింజకు తల ఏదో, తోక ఏదో తెలిసింది. పద్దెనిమిదో రోజు లోపల ఏదో టిక్ టిక్‌మని అదిరింది. గుండె. మారెమ్మ పళ్లెం దగ్గరనుంచి లేవనంటే లేవలేదు. ఆమె అంతసేపు కదలకుండా ఉండటం చూసి వాచ్‌మన్ జానయ్య ఒంట్లో బాగాలేదేమోననుకున్నాడు. మరో నాలుగు రోజులకు జిగురు పొర చీల్చుకుని నలభై మూడు పిల్లలు బయటికొచ్చాయి. మెడకు అటూ ఇటూ ఈకల్లాంటి మొప్పలు, దవడ కింద రెండు సన్నని పుల్లలు. కాళ్లింకా రాలేదు. ఆ పుల్లలు ఆనించుకునే నిలబడతాయి. ముందు చేతులు మొలుస్తాయి, తరువాత కాళ్లు, ఆపైన మొప్పలు రాలి గట్టెక్కుతాయని స్నిగ్ధ చెప్పింది.

కాళ్లు అన్న మాట దగ్గరే మారెమ్మకు గుబులు పట్టుకుంది.

పిల్లల తొట్టెలకు రోజూ బోరు నీళ్లు మార్చాలి. బోరు నీళ్లను పెద్ద డ్రమ్ములో ఒక రోజు నిలవ ఉంచి, వడగట్టి, చల్లార్చి పోయాలి. నల్లా నీళ్లు పనికిరావు, వాటిలో క్లోరిన్ ఉంటుంది. ఇదంతా స్నిగ్ధ కాగితం మీద రాసి గోడకు అంటించింది. పెద్ద న్యూట్లకు ఏడాదిగా అవే నీళ్లు పోస్తున్నా మారెమ్మకు ఏమీ అనిపించలేదు. అవి ఎక్కడో పుట్టి పెరిగి వచ్చినవి, ఎముకలు ముదిరినవి. కానీ ఇవి నిన్న పుట్టిన పసిగుడ్లు. రెండో రోజు పొద్దున తొట్టె తుడుస్తూ అంచు మీద చూసింది. తెల్లటి పొర. అదే పొర, చిన్నప్పుడు గ్లాసు అంచున గోటితో గీకిన పొర. మగ్గు కింద పెట్టేసింది. ఈ చేత్తోనే పోయాలా మళ్లీ?

ఆ రోజే తన ఇంటినుంచి ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెచ్చింది. ఆ ప్లాంటువాడు తమ నీళ్లంత స్వచ్ఛమైనవి జిల్లాలోనే లేవని, లోపల ఏమీ మిగలకుండా తీసేస్తామని బోర్డు రాసి పెట్టుకున్నాడు. ఏమీ మిగలకపోవడమే కదా కావాల్సింది! డ్రమ్ము నీళ్లు మొక్కలకు పోసేసి, డ్రమ్మును ఎప్పటిలా నింపి పెట్టి, క్యాన్ నీళ్లు చల్లార్చి తొట్టెల్లో పోసింది. స్నిగ్ధకు చెప్పలేదు. చెబితే వద్దంటుంది. చదువుకున్నవాళ్లు కాగితం చూస్తారు, మారెమ్మ తమ్ముడి కాళ్లు చూసింది. నలభై మూడింటినీ కాపాడుతున్నాననే ధైర్యంతో రోజుకో క్యాన్ మోసింది. మోస్తున్నప్పుడు హాయిగా ఉండేది, దించగానే మళ్లీ గుబులు. పూటకు పదిసార్లు తొట్టెల దగ్గరికి పోయి వంగి చూసేది.

ఐదో రోజు పిల్లల పొట్టలు ఉబ్బాయి. ఆరో రోజు ఉబ్బినవి నీళ్ల మీదికి తేలిపోయి, కిందికి దిగలేక ఒక పక్కకు ఒరిగిపోయాయి. పన్నెండు చచ్చాయి. స్నిగ్ధ వెంటనే నీళ్లు పరీక్షించింది. డ్రమ్ములోని నీళ్లు. అవి నిక్షేపంగా ఉన్నాయి. చల్లదనం సరిగ్గానే ఉంది, తిండీ సరిగ్గానే ఉంది. ఏడో రోజు, శనివారం, ఇంకో రెండు పోయాయి. స్నిగ్ధ మొహం మాడిపోయింది.

"ఇదేదో రోగం అక్కా. అంటుకునే రోగం. వాపు వచ్చినవి ఇరవై రెండున్నాయి. వాటిని సోమవారం తీసేస్తా. లేకపోతే మిగిలిన ఏడూ పోతాయి."

"తీసేస్తవా? అంటే సంపుతవా?"

"ఇంకేం చేయమంటారు? మీరే చెప్పండి!"

మారెమ్మ తొట్టెల వైపు తిరిగింది. తన క్యాన్ నీళ్లే కారణమని ఆమెకు తట్టనే లేదు పాపం. మొదట్లో పోసిన బోరు నీళ్లే లోపల పనిచేశాయని, తాను మేల్కోవడం ఆలస్యమైందని అనుకుంది. తమ్ముడి విషయంలోనూ అంతే, ఆలస్యమైంది. ఆదివారం ఇంట్లో ఊరుకోలేక, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, చెప్పాపెట్టకుండా దేవరకొండ బస్సెక్కింది.

విజేందర్ బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. దరఖాస్తులు నింపడం, జిరాక్సులు తీయడం. ముప్పై ఎనిమిదేళ్లు. చంకకర్ర ఉంటుంది, మూడు చక్రాల బండి ఉంటుంది, నోటి నిండా వెటకారం ఉంటుంది. అక్కను చూడగానే, "ఏందే, బల్లులకు సెలవిచ్చినవా?" అన్నాడు. జిరాక్స్ మిషన్‌లో కాగితాలు పెడుతూ, "జర నీళ్లియ్యక్కా, గొంతు ఎండుతాంది" అన్నాడు. మారెమ్మ అలవాటుగా మూలనున్న సీసాకు వేలు చూపింది. అతను నవ్వి, కర్ర ఆనించుకుని, తనే లేచి తాగాడు.

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. గుడ్లు, పిల్లలు, తెల్ల పొర, క్యాన్లు, వాపు, సోమవారం. విజేందర్ కౌంటర్ పక్కనున్న చిన్న గాజు తొట్టెను తట్టాడు. అందులో రెండు బంగారు చేపలు తిరుగుతున్నాయి.

"వీటికి ఫస్టు ఫిల్టర్ నీళ్లే పోసిన. మంచిగుంటయని. నాలుగు చేపలు ఉబ్బి సచ్చినయ్. అమ్మినాయన నన్ను తిట్టిండు. ఏం లేని నీళ్లల్ల పానం నిలవదంట, ఒంట్లె ఉప్పంత నీళ్లలకు పోతదంట, నీళ్లన్ని ఒంట్లెకు వస్తయంట. అక్కా, నీ పిల్లలకు రోగం లేదు. నీ క్యాన్ నీళ్లే."

మారెమ్మ చేపల తొట్టెలోకి వంగి చూసింది. అంటే పద్నాలుగింటిని చంపింది బోరు కాదు, తానే. మళ్లీ తన చెయ్యే. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటపడింది. దాని కోసం ఆమె చోటూ చూసుకోలేదు, ఆధార్ కార్డు జిరాక్సుకు నిలబడ్డ ముసలాయన్నీ చూసుకోలేదు.

"నీ కాళ్లు గిట్ల జేసింది నేనేరా విజేందరూ. బోరింగు కొట్టి నేనే తాపిన. గీ చేత్తోని. నువ్వు ఏడ్సినప్పుడల్ల తాపిన."

విజేందర్ జిరాక్స్ మిషన్ ఆపేశాడు. వెటకారం లేకుండా, కోపంగా అన్నాడు.

"అమ్మ పొద్దుగాల పోతే మాపటికొచ్చేది. మే నెల ఎండల పాకే పోరన్ని. నువ్వు తాపకపోతే నేను ఎన్నడో సచ్చేటోన్ని. కాళ్లు వంకర పోయినయ్, నిజమే, నొప్పి లేదనను. అయినా బతికిన కదనే. ఊరంత గవే నీళ్లు తాగింది, నువ్వు తాగలేదా? నీ మోకాళ్లు నొయ్యవా? గిన్నేండ్లు గిది కడుపుల పెట్టుకున్నవా, పిచ్చిదానా?"

ముసలాయన జిరాక్సు మరిచిపోయి కళ్లు తుడుచుకుంటున్నాడు. మారెమ్మ ఏడవలేదు. ఆమెకు సోమవారం గుర్తొచ్చింది. తిరుగు బస్సు ఎప్పుడుందని అడిగింది.

సోమవారం స్నిగ్ధ చిన్న గిన్నె, మందు సీసా సర్దుకుంటుండగా మారెమ్మ ఎదురుగా నిలబడి చెప్పేసింది. స్నిగ్ధ మొదట నమ్మలేదు. పరీక్ష కడ్డీ తొట్టెలో ముంచి చూస్తే లవణాల లెక్క దాదాపు సున్నా. తరువాత అరిచింది. జానయ్య గేటు దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చేంతగా అరిచింది.

"వారం రోజులు! నేను డ్రమ్ములో నీళ్లు చూస్తూ పిచ్చిదాన్లా రాసుకుంటుంటే మీరు పక్కనే నిలబడ్డారు. ఒక్క మాట చెప్పాలనిపించలేదా? నన్నడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటవని అడగలే బిడ్డా."

బోరు నీళ్లు ఎందుకు వద్దనుకుందో కూడా చెప్పింది. విజేందర్ గురించి, బోరింగు గురించి రెండు ముక్కల్లో. స్నిగ్ధ కోపం పోలేదు, ఎందుకు పోవాలి? కానీ అరవడం ఆపింది. బీరువాలోంచి ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది. ఈ షెడ్డు బోరు నీళ్ల పరీక్ష. ఫ్లోరైడ్ దగ్గర వేలు పెట్టి చూపింది. మనుషులు తాగడానికి పెట్టిన హద్దుకు ఎంతో లోపలే ఉంది.

"ఇది మీ ఊరి బోరు కాదక్కా. ఆ తెల్ల పొర సున్నం లాంటిది. వీటికది కావాలి."

"గీ కాగితం ముందే సూపెట్టకపోతివి."

"మీరెప్పుడడిగారు?" అంది స్నిగ్ధ. కాగితం మడుస్తూ, "నేనూ చెప్పలేదు లెండి. గోడకు అంటిస్తే చాలనుకున్నా" అంది.

ఒక్కసారిగా నీళ్లు మారిస్తే ఆ దెబ్బకే చస్తాయి. పావుగంటకో చిన్న మగ్గు చొప్పున బోరు నీళ్లు కలపాలి, రెండు రోజులపాటు. మగ్గు తీసుకొమ్మంది స్నిగ్ధ. మారెమ్మ వెనక్కి జరిగింది. "నువ్వు పొయ్యి బిడ్డా, నా చెయ్యి మంచిది కాదు."

"చెయ్యి గోల తర్వాత. నాకు నీళ్లు కొలిచే పనుంది, రాసే పనుంది. మనిద్దరమే ఉన్నాం. పోయండి."

పోసింది. మొదటి మగ్గు పోసేటప్పుడు కళ్లు మూసుకుంది, సగం నేల మీద పడ్డాయి. రెండోది తెరిచి పోసింది. ఆ రెండు రోజులూ గడియారం ముల్లుకు ఆమె ప్రాణం వేలాడింది. పొట్టలు తగ్గాయా అని చూడటం, తగ్గలేదని నడవా చివరిదాకా నడవటం, మళ్లీ వచ్చి చూడటం. మంగళవారం సాయంత్రానికి ఒక పిల్ల తేలడం మాని, తోక విదిలించి అడుగుకు దిగింది. దవడ కింది పుల్లలు ఆనించుకుని నిలబడింది. మారెమ్మ అప్పుడేడ్చింది. వాపు మరీ ఎక్కువైన ఏడు పోగా, ఇరవై తొమ్మిదింటిలో ఇరవై రెండు నిలిచాయి.

తరువాతి రోజులు తేలిగ్గా గడిచాయని చెప్పను. ముందు చేతులు మొలిచాయి, దారపు పోగుల్లా. ఆమె భూతద్దం పెట్టి ఒక్కొక్కదాని మోచెయ్యీ చూసింది. చూసి తమ్ముడికి ఫోన్ చేసింది. "చేతులు సక్కగనే ఉన్నయ్‌రా." మరో పక్షానికి వెనక కాళ్లు. మళ్లీ ఫోన్. "ఇరవై రెండిటికి రెండేసి. ఒక్కటి గూడ వంకర లేదు." అతను విసుక్కునేవాడు, "నాకు కిట్కీ దగ్గర లైనున్నదే" అని. ఒక రోజు ఫోన్ చేయకపోతే మాత్రం తనే చేసి అడిగాడు.

బతుకమ్మ సెలవులకు విజేందర్ వచ్చాడు. అప్పటికి అన్నిట్లో పెద్ద పిల్లకు మొప్పలు కుంచించుకుపోయి, వీపు మీద గుండీలు తేలాయి. తొట్టెలో ఒక పక్క రాయి, నాచు పెట్టి గట్టు చేశారు. మూడు రోజులుగా అది గట్టు దాకా వచ్చి వెనక్కి పోతోంది. మారెమ్మ తమ్ముణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తను మాత్రం నిలబడే ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆ పిల్ల ముందు చేతులు రాయి మీద వేసింది. ఆగింది. ఒక కాలు ఈడ్చి పైకి పెట్టింది, రెండోదీ పెట్టింది. నాలుగు కాళ్ల మీద ఒళ్లు లేపి, తడి ఓడుతూ, నాచులోకి నాలుగడుగులు నడిచింది. స్నిగ్ధ రెండు చేతులతో నోరు మూసుకుంది.

విజేందర్ చంకకర్ర ఒళ్లో పెట్టుకుని, దాని కాళ్లనే చూస్తున్నాడు.

"సక్కగ నడుస్తాందే" అన్నాడు. "అక్కా, జర నీళ్లియ్యి."

మారెమ్మ చెయ్యి అలవాటుగా లేచింది, మూలనున్న కుండ వైపు. వేలు చాచబోయి ఆగింది. తనే వెళ్లింది. గ్లాసు కడిగి, నిండా ముంచి, కొంగుతో అడుగు తుడిచి తెచ్చి అతని చేతికిచ్చింది. నిండు గ్లాసు తొణికి కొన్ని నీళ్లు అతని మోకాలి మీద పడ్డాయి. అతను తుడుచుకోలేదు. గటగటా తాగి, ఖాళీ గ్లాసు ఆమె వైపే చాపాడు.

"ఇంకిన్ని పొయ్యి" అన్నాడు.